నాలుగో తారీఖు కార్డు

ఆమెకి కన్నవాళ్ళు పెట్టిన పేరు హాజరు పట్టీలో తప్ప ఇంకెక్కడా మిగల్లేదు. ఫిజిక్సు డిపార్ట్‌మెంటులో అందరికీ ఆమె తారీఖులమ్మ. కొత్తగా చేరిన పిల్లలు మొదటి వారం ఆ పేరు నవ్వుతూ అనేవాళ్ళు, రెండో వారం భయంభయంగా అనేవాళ్ళు, ఆ తర్వాత అలవాటైపోయేది. ఉద్యోగం ప్రకారం ల్యాబ్ అటెండరు. తాళాలు తీయడం, బల్లలు తుడవడం, పిల్లలకి లెన్సులూ తీగలూ ఇచ్చి సాయంత్రానికి పగలకుండా తెగకుండా వెనక్కి రాబట్టడం. కానీ ఆమెనడిగితే అవన్నీ చిల్లర పనులు. అసలు పని పొద్దున ఎనిమిదిన్నరకి మెట్ల పక్కనున్న నల్లబల్ల దగ్గర మొదలయ్యేది.

ఆ బల్ల మీద పైన 'భౌతికశాస్త్రంలో ఈ రోజు' అని రంగుతో రాసి ఉంటుంది. కింద మూడు గళ్ళు: పుట్టినవారు, పోయినవారు, జరిగినవి. ఏ రోజు ఏం రాయాలో చెక్కపెట్టెలో కార్డుల మీద ఉంటుంది. మొత్తం మూడొందల అరవై ఆరు కార్డులు. ఫిబ్రవరి ఇరవై తొమ్మిది కార్డు పాపం నాలుగేళ్ళకోసారే బయటి గాలి పీల్చుకునేది.

ముందు తడిగుడ్డతో నిన్నటిదంతా తుడిచేసేది. అక్షరం నీడ కూడా మిగలనిచ్చేది కాదు. బల్ల ఆరేదాకా నిలబడి, అప్పుడు సుద్దముక్క తీసేది. ఎవరైనా విద్యార్థి పరుగున వచ్చి, "ఒక్క నిమిషం, నిన్నటిది రాసుకుంటాను" అంటే వినేది కాదు. "నిన్నటివాళ్ళకి నిన్న అయిపోయింది. ఇవాళ్టివాళ్ళు వచ్చి నిలబడి ఉన్నారు, జరుగు" అనేది. చదివింది పదో తరగతే అయినా, పలకడానికి నోరు తిరగని పేర్లన్నీ ఆమె చేతిలో గుండ్రంగా, తప్పులేకుండా పడేవి.

తారీఖుల విషయంలో మాత్రం ఆమెతో పెట్టుకోకూడదు. ఒకసారి ఒక విద్యార్థి, "గెలీలియో పోయిన ఏడాదే న్యూటన్ పుట్టాడంట, రాయండి, బాగుంటుంది" అని ఉచిత సలహా ఇచ్చాడు. ఆమె ఒంటికాలి మీద లేచింది.

"ఒకాయనకి కొత్త కేలండరు, ఇంకొకాయనకి పాత కేలండరు పెట్టి చూస్తే ఎవరినైనా ఎవరితోనైనా కలపొచ్చు బాబూ. ఇద్దరికీ ఒకటే లెక్క పెట్టి చూడు, ఏడాది మారిపోతుంది."

ఆమె చెప్పింది నిజమే. న్యూటన్ పుట్టేనాటికి ఆయన దేశంలో ఇంకా పాత కేలండరే నడుస్తోంది. దాని ప్రకారం డిసెంబరు ఇరవై ఐదు. కొత్తదాని ప్రకారం జనవరి నాలుగు. ఆమె ఆ రెండు రోజులూ ఆయన పేరు రాసి, పక్కన 'పాత లెక్క' అనీ 'కొత్త లెక్క' అనీ చేర్చేది.

ఈ సంగతి మొదటిసారి తెలిసినప్పుడు ఆమె పెద్దసారుని అడిగింది. అప్పుడు డిపార్ట్‌మెంటుకి పెద్ద ఆయనే. కార్డులన్నీ ఆయన సొంత దస్తూరీతో రాసి ఆమె చేతికిచ్చిందీ ఆయనే.

"ఒకే మనిషికి రెండు తారీఖులేంటి సార్?"

"పుట్టింది ఒక్కసారేనమ్మా. కాగితాలే రెండు" అన్నాడు పెద్దసారు.

అనేశాక ఆయన నాలుక కరుచుకున్నాడు. ఆమె ఆయన మొహంలోకి చూసింది, ఆయన కిటికీ బయటికి చూశాడు. ఆ ఏడాది నుంచీ జనవరి నాలుగున పెద్దసారు ఆ మెట్ల మీదుగా రావడం మానేసి, వెనక గుమ్మంలోంచి తన గదికి వెళ్ళేవాడు.

కారణం చెప్పాలంటే ఆమె భర్త గురించి చెప్పాలి. ఆయన్ని అందరూ గాజాయన అనేవాళ్ళు. అదే భవనంలో ఆ చివరి గది ఆయనది. ప్రయోగాలకి కావలసిన గొట్టాలూ సీసాలూ బజారులో దొరకని రోజులవి. డిపార్ట్‌మెంటులో సార్లు కాగితం మీద బొమ్మ గీసిస్తే, గాజాయన మంట ముందు కూర్చుని, రెండు చేతులతో గొట్టాన్ని తిప్పుతూ, ఎర్రగా మెత్తబడ్డాక అటువైపు నుంచి ఊది, ఆ బొమ్మని గాజులో దించేవాడు. నోట్లో నాలుక లేని మనిషి. "ఊపిరంతా డిపార్ట్‌మెంటుకే ఖర్చు పెట్టి వస్తారు, ఇంట్లో మాట్లాడటానికి కాస్తయినా మిగల్చరు" అని పెళ్ళాం దెప్పితే నవ్వి ఊరుకునేవాడు. ఇంట్లో వంటగట్టు చివర ఒక చిన్న బర్నరు ఉండేది. మిగిలిన గాజుముక్కలతో ఏడేళ్ళ కూతురికి పిట్టలు చేసిపెట్టేవాడు. వేలి కణుపంత పిట్టలు.

పనిలో ఆయన మొండిపట్టు పట్టేది ఒక్కదానికే. చేసిన వస్తువుని ఓవెన్‌లో పెట్టి నిదానంగా చల్లార్చాలి. పెద్ద ఫ్లాస్కయితే ఒకటిన్నర రోజు, ఒక్కోసారి రెండు. తొందరపడి తీస్తే పైకి నిగనిగలాడుతూనే ఉంటుంది కానీ లోపల ఒత్తిడి ఉండిపోతుంది. ఎప్పుడు పగులుతుందో చెప్పలేం. అందుకని ఆయన ఒక రిజిస్టరు పెట్టుకున్నాడు: ఏ వస్తువు ఏ గంటకి ఓవెన్‌లోకి వెళ్ళింది, ఏ గంటకి బయటికొచ్చింది.

ఆ శనివారం జనవరి నాలుగు. ముందురోజు మధ్యాహ్నం ఓవెన్‌లో పెట్టిన ఫ్లాస్కు ఆదివారం దాకా బయటికి రాకూడదు. కానీ పెద్దసారు ప్రయోగానికి ద్రవ నత్రజని డబ్బాలు శనివారం పొద్దునే వచ్చేశాయి. అది నిలవుండే సరుకు కాదు, పూటపూటకీ ఆవిరైపోతూ ఉంటుంది. పెద్దసారు గాజు గది గుమ్మంలోకి మూడుసార్లు వచ్చాడు. రెండుసార్లు గాజాయన తల అడ్డంగా ఊపాడు. మూడోసారి చేతి తొడుగులు వేసుకుని ఓవెన్ తలుపు తీశాడు. ఫ్లాస్కుని పంపుకి తగిలించి లోపలి గాలి తోడుతుండగా అది భళ్ళున పగిలింది.

మొహం మీద, చేతుల మీద, ఛాతీ మీద గాట్లు. ప్రథమ చికిత్స గదిలో గాయాలు కడిగి కట్లు కట్టారు. ఆసుపత్రి నడిచి వెళ్ళే దూరంలోనే ఉంది. కానీ అక్కడికెళ్తే ఎక్కడ జరిగింది, ఎలా జరిగింది అని రాసుకుంటారు. "పైపైవే కదా, సోమవారం చూద్దాం" అన్నాడు పెద్దసారు. గాజాయన సరేనని సైకిలెక్కి ఇంటికొచ్చాడు. మర్నాడు మధ్యాహ్నం కుర్చీలోంచి లేవబోయి కుప్పకూలాడు. ఆసుపత్రి చేరేసరికి ప్రాణం లేదు. గోరంత గాజుముక్క పక్కటెముకల సందులోంచి లోపలికి దిగి ఉందని డాక్టరు చెప్పాడు.

మూడోరోజు పెద్దసారు టైపు చేసిన కాగితంతో ఇంటికొచ్చాడు. డిపార్ట్‌మెంటులో జరిగిందని రాస్తే విచారణ. అది తేలేదాకా భర్త బదులు ఆమెకి ఉద్యోగం రాదు, తేలాక వస్తుందన్న నమ్మకమూ లేదు. ఇంట్లో జరిగిందని రాస్తే వచ్చే నెలే ఉద్యోగం. కాగితంలో ఇలా ఉంది: 'జనవరి ఐదో తేదీన, స్వగృహంలో, కుమార్తె కోసం గాజు పిట్ట తయారు చేస్తుండగా.' పిట్టల సంగతి డిపార్ట్‌మెంటులో అందరికీ తెలుసు. అబద్ధం అతికినట్టు ఉండటానికి ఎవరో ఆ ముక్క చేర్చారు.

ఆమె సంతకం పెట్టింది. తెలియక పెట్టలేదు, బలవంతాన పెట్టలేదు. పక్కగదిలో పిల్ల నిద్రపోతోంది, బియ్యం డబ్బాలో అడుగు కనబడుతోంది, పెట్టింది. దాన్ని తప్పనడానికి నాకు నోరు రాదు, ఒప్పనడానికీ రాదు.

అలా ఇరవై నాలుగేళ్ళుగా లోకంలో అందరి తారీఖులూ ప్రాణం పెట్టి సరిచూసి రాసే మనిషి, తన ఇంటి మనిషి గాయపడ్డ తారీఖు ఒక్కటి మాత్రం తప్పుగా మోస్తూ వచ్చింది. జనవరి నాలుగున బల్ల నిండుగా ఉండేది. పుట్టినవారిలో కొత్త లెక్క న్యూటన్, ఇంకా జోసెఫ్‌సన్. పోయినవారిలో ష్రోడింగర్. కొన్నాళ్ళకి 'జరిగినవి'లో అంగారకుడి మీద స్పిరిట్ రోవరు దిగడం కూడా చేరింది. చివర ఇంకో వాక్యం పట్టేంత జాగా ఉండేది. ఆ జాగాని ఆమె ఏటా చూసేది, ఏటా సుద్దముక్క కింద పెట్టేసేది.

ఆమె రిటైరవడానికి నాలుగు నెలల ముందు పెద్దసారు పోయాడు. ఇప్పుడు డిపార్ట్‌మెంటుకి పెద్ద ఒక మేడం. మనిషి కచ్చితం, మాట మెత్తన. ఆమె కొత్త కార్డు రాసిచ్చి, "పోయినవారిలో సారు పేరు కూడా చేర్చండి. ఇక ఏటా ఉండాలి" అంది. తారీఖులమ్మ ఆ పేరు రాసింది, ఎప్పటిలాగే గుండ్రంగా. రాసి, చేతులు కడుక్కుని, తిన్నగా మేడం గదికి వెళ్ళింది.

"ఇక్కడివాళ్ళు కూడా ఆ బల్ల మీద ఉండొచ్చన్నమాట."

"ఉండొచ్చు. ఏం?"

"జనవరి నాలుగున ఇంకోటి చేర్చాలి మేడం. జరిగినవాటిలో."

అంతా నిలబడే చెప్పింది. మేడం మధ్యలో ఒకసారి కూర్చోమంది, ఆమె కూర్చోలేదు. విన్నాక మేడం పాత ఫైలు తెప్పించి తిరగేసి, ఒక పేజీ దగ్గర ఆగిపోయింది.

"రెండు ఆధారాలు లేనిదే నన్ను కూడా ఒక్క ముక్క చేర్చనివ్వరు మీరు. ఇక్కడున్న ఒక్క కాగితం మీరు చెప్పేదానికి ఎదురు చెబుతోంది. ఈ సంతకం..."

"నాదే. అబద్ధం కూడా నాదే."

మేడం ఫైలు మూసి, "అయితే ఇంకేదైనా తెండి. రెండు" అంది.

గాజు గది ఎప్పుడో సామాన్ల కొట్టయిపోయింది. తాళం తారీఖులమ్మ దగ్గరే ఉంటుంది. ఓవెన్ వెనక అరలో ఆ రిజిస్టరు ఉందని ఆమెకి ఇరవై నాలుగేళ్ళుగా తెలుసు. దుమ్ము దులిపి చివర రాసిన పేజీ తీసింది. 'పెద్ద ఫ్లాస్కు. లోపలికి 3వ తారీఖు మధ్యాహ్నం 2. బయటికి 4వ తారీఖు ఉదయం 11. చల్లారలేదు. సారు అర్జెంటు.' ఆ నోరులేని మనిషి అరిచిందంతా ఆ రెండు మాటల్లోనే ఉంది. ఆమె అక్కడే, పాత కుర్చీల మధ్య కూర్చుని ఏడ్చింది.

ఒక ఆధారం దొరికింది. ఇక రెండోది. కట్లు కట్టినవాళ్ళు ఎక్కడున్నారో తెలీదు. పెద్దసారు లేడు. శనివారం సాయంత్రం కట్లతో ఇల్లు చేరిన గాజాయన్ని చూసినవాళ్ళు ఇంకొక్కరే ఉన్నారు.

కూతురు ఒక బీమా ఆఫీసులో పనిచేస్తుంది. రెండో అంతస్తులో రెండు గదులు. ఆ ఇంట్లో గాజన్నదే ఉండదు. గ్లాసులన్నీ స్టీలువి, డబ్బాలు ప్లాస్టిక్‌వి, గోడ మీద తండ్రి ఫోటోకి కూడా చట్రమే తప్ప అద్దం లేదు. తండ్రి అలా పోయాక పిల్లకి భయం పట్టుకుందని తల్లి అనుకునేది. ఏనాడూ అడగలేదు.

ఆ ఆదివారం రిజిస్టరు సంచిలో పెట్టుకుని వెళ్ళింది. కూతురు టీ పెట్టి తెచ్చింది. టీ తాగడం అయ్యేదాకా కూడా ఆగలేక తల్లి అడిగేసింది.

"మీ నాన్న పోయిన ముందురోజు, శనివారం, ఇంటికొచ్చినప్పుడు ఎలా ఉన్నాడో గుర్తుందా అమ్మడూ?"

కూతురి చేతిలో గ్లాసు ఆగిపోయింది. "ఇప్పుడెందుకమ్మా అది?"

"చెప్పు."

"కట్లతో వచ్చినట్టు గుర్తు. చేతులకీ, ఇక్కడా" అని ఛాతీ చూపించింది. "కానీ అది నేను కల్పించుకున్నది. అప్పటికి ఆయనకి ఏమీ కాలేదుగా. ఆదివారం కదా అంతా."

"కల్పించుకున్నదని ఎవరన్నారు?"

"కాగితంలో ఉంది. నాకు పదిహేనేళ్ళప్పుడు నీ పెట్టెలో చూశాను. ఐదో తారీఖు, ఇంట్లో, పిట్ట చేస్తుండగా. కాగితం మీద అలా ఉంటే నా కళ్ళదే తప్పనుకున్నాను." గ్లాసు కింద పెట్టింది. "ఆ పొద్దున పిట్ట చేసిపెట్టమని నేనే ఏడ్చాను కదమ్మా. రేపు చేస్తానన్నాడు. నేను వినలేదు. మారాం చేశాను. నేను గదిలోకి వెళ్ళాక చేయడానికి కూర్చున్నాడేమో, నా గోల భరించలేక..."

తారీఖులమ్మకి తల కొట్టేసినట్టయింది. ఉద్యోగం కోసం, పిల్ల కోసం అనుకుని పెట్టిన సంతకం. ఆ కాగితంలో నేరం ఎవరి నెత్తిన పడిందో ఇన్నేళ్ళూ ఆమె చూడనేలేదు.

"నువ్వు కాదు తల్లీ. నువ్వు కాదు" అంటూ రిజిస్టరు తీసి ఒళ్ళో పెట్టింది. జరిగింది జరిగినట్టు చెప్పింది. ఓవెన్, మూడుసార్లు గుమ్మంలోకొచ్చిన పెద్దసారు, సోమవారం చూద్దామన్న మాట, టైపు చేసిన కాగితం, సంతకం. తన వాటా దాచలేదు.

కూతురు తండ్రి అక్షరాల మీద వేలు పెట్టి చదివింది. చదివి, రిజిస్టరు మూసి, చాలా నెమ్మదిగా అంది: "అయితే నీకు తెలుసు. మొదట్నించీ."

"తెలుసు."

"ఆ తప్పు నా మీద పెట్టుకుని పదహారేళ్ళు మోశాను. ఒక్కసారి నీతో అనుంటే చెప్పేదానివా?"

చెప్పేదాన్నని అనేస్తే సరిపోయేది. కానీ ఆ రోజు అబద్ధం చెప్పే ఓపిక ఆమెలో మిగల్లేదు. "ఏమో తల్లీ. ఉద్యోగం పోతుందని నోరు మూసుకునేదాన్నేమో. నాకే తెలీదు."

కూతురు లేచి కిటికీ దగ్గరికెళ్ళి నిలబడింది. కాసేపటికి ఒక తెల్లకాగితం తీసి నిలబడే రాసింది: 'జనవరి 4, శనివారం సాయంత్రం మా నాన్న చేతులకీ ఛాతీకీ కట్లతో ఇంటికి వచ్చాడు. నేను చూశాను. అప్పుడు నాకు ఏడేళ్ళు.' కింద సంతకం పెట్టి బల్ల మీద పెట్టింది, తల్లి చేతికివ్వలేదు.

"బల్ల మీద రాసిన రోజు వచ్చి చూస్తావా?" అడిగింది తల్లి గుమ్మంలో చెప్పులేసుకుంటూ.

"సెలవు పెట్టుకుని వస్తాలే."

ఆ తర్వాత నెలన్నర ఫోను లేదు. తల్లి చేస్తే ఎత్తలేదు.

మేడం రెండు ఆధారాలూ చదివి, ఫైలులోని పాత కాగితం మీద అసలు సంగతి రాసిన చీటీ కుట్టి, జనవరి నాలుగు కార్డు మీద పెద్దసారు దస్తూరీ కింద తన దస్తూరీతో ఆ వాక్యం చేర్చింది. నాలుగో తారీఖు పొద్దున తారీఖులమ్మ ఎనిమిదింటికే వచ్చేసింది. న్యూటన్నీ, జోసెఫ్‌సన్నీ, ష్రోడింగర్నీ, అంగారకుణ్ణీ రాసి, చివరి జాగాలో రాసింది: 'మన గాజు గదిలో, చల్లారకముందే తీసిన ఫ్లాస్కు పగిలి, దాన్ని ఊదిన మనిషి గాయపడ్డాడు. మర్నాడు పోయాడు.' ముందు ఏడాది అంకె, వెనక భర్త పూర్తి పేరు. ఆ పేరు రాసి ఎన్నేళ్ళయిందో, ఒక ఒత్తు తుడిచి మళ్ళీ రాయాల్సొచ్చింది.

పిల్లలు చదివారు. కొందరు చదవలేదు. ఒకమ్మాయి ఫోటో తీసుకోబోయి, పక్కనే ఆమె నిలబడి ఉండటం చూసి మానుకుంది. తారీఖులమ్మ ల్యాబులోకి వెళ్ళడం, వరండాలోకి రావడం, మెట్లవైపు చూడటం. కళ్ళు కాయలు కాచాయి. సాయంత్రం ఆరింటికి కాపలా మనిషి తాళాలడిగాడు. కూతురు రాలేదు. రాకపోవడం న్యాయమేనని ఆమెకి తెలుసు. తెలిసినంత మాత్రాన బాధ తగ్గదు.

మర్నాడు ఎనిమిదిన్నరకి తడిగుడ్డ పట్టుకుంది. ఆ ఒక్క వాక్యం ఉంచేద్దామా అనిపించింది. 'నిన్నటివాళ్ళకి నిన్న అయిపోయింది' అని ఎంతమందిని గదమాయించింది! తుడిచింది. అందరితో పాటే ఆయన్నీ తుడిచింది. బల్ల ఆరాక ఐదో తారీఖు కార్డు తీసింది. పోయినవారిలో మాక్స్ బోర్న్. 'జరిగినవి'లో సగం వాక్యం రాసేసరికి వెనక మెట్ల మీద అడుగులు వినిపించాయి.

కూతురు. జుట్టు శుభ్రంగా దువ్వుకుని, మంచి చీర కట్టుకుని వచ్చింది. ఎక్కువసేపు ఏడ్చినట్టున్నాయి కళ్ళు. బల్ల వైపు చూసింది, గళ్ళన్నీ వెతికింది.

"ఎక్కడమ్మా?"

"నిన్న కదా తల్లీ."

"ఐదుకి పెట్టాను సెలవు. నాన్న పోయిన రోజని ఏటా ఐదుకే పెడతాను. రాసింది నేనే, నాలుగని సంతకం చేసింది నేనే, అయినా చెయ్యి అలవాటుగా..." అంది కూతురు.

నాలుగుని చెరిపేసి ఐదొక్కదాన్నే కూతురి చేతికి అలవాటు చేసిందెవరో తారీఖులమ్మకి ఒకరు చెప్పక్కర్లేదు. "పావుగంట కూడా కాలేదు తుడిచి" అంది. అని, నిన్నటి వాక్యం మొదట్నించీ చివరిదాకా, ఏడాదితో సహా, పూర్తి పేరుతో సహా, పాఠం అప్పజెప్పినట్టు చెప్పింది. కూతురు ఖాళీ జాగా వైపు చూస్తూ వింది.

"కార్డు మీద ఉందిలే. వచ్చే ఏడు నేనుండను. ఎవరో ఒకరు రాస్తారు."

కూతురు తలూపింది. అప్పుడు ఆమె చూపు సగంలో ఆగిన వాక్యం మీద పడింది. '1896: రాంట్‌జెన్ కనుక్కున్న ఎక్స్-రేల వార్తను...' తల్లి చేతిలో సుద్దముక్క అక్కడే ఉంది. కదలడం లేదు.

"ఎక్స్-రే తీసుంటే ఆ గాజుముక్క కనబడేదా అమ్మా?"

"కనబడేది."

"ఇది ఏటా రాస్తున్నావా నువ్వు?"

"ఆదివారం పడితే తప్ప."

కూతురు తల్లి మొహంలోకి చూసింది. అప్పటికీ క్షమించిందని నేననను. ఆ మాట వాళ్ళిద్దరూ ఏనాడూ అనుకోలేదు. సుద్దముక్క మాత్రం తల్లి వేళ్ళలోంచి తీసుకుని, కార్డు చూసి, మిగతాది తనే రాసింది: 'వియన్నాలో ఒక దినపత్రిక మొదటి పేజీలో వేసింది.' ఆ రోజు బల్ల మీద ఒకే వాక్యంలో రెండు దస్తూరీలున్నాయి. తరగతుల హడావుడిలో ఎవరూ గమనించలేదు.